పాత టోపీ బ్యాడ్జీల వయసు తేల్చే పెద్దాయన దుకాణం

మా పక్కింటి పెద్దావిడ ఇచ్చిన బిస్కెట్ల డబ్బా పట్టుకుని ఈ దుకాణం మెట్లెక్కాను. డబ్బాలో 31 టోపీ బ్యాడ్జీలు. అన్నీ బ్రిటిష్ సైన్యంలోని రెజిమెంట్లవి, కోర్‌లవి (రవాణా, ఇంజనీరింగ్ లాంటి ఒక్కో పని చూసే దళాలవి). కొన్ని ఆవిడ భర్త ఏళ్ళ తరబడి ఆదివారం సంతల్లో తిరిగి కొన్నవి, కొన్ని ఇంట్లో పెద్దల నుంచి వచ్చినవి. ఏది ఎక్కడిదో ఆయనకొక్కరికే తెలుసు. కిందటేడు ఆయన పోయారు. ఒక్క చీటీ కూడా రాసి పెట్టలేదు.

"ఇందులో ఒకటి మా ఆయన తాతగారిది. మొదటి యుద్ధంలో ఆర్మీ సర్వీస్ కోర్‌లో బండి తోలారట. ఆయన టోపీకి పెట్టుకున్నది ఇందులోనే ఉందని మా ఆయన అంటూ ఉండేవారు. అది మా మనవడికి ఇవ్వాలి. ఏదో కనుక్కుని పెట్టమ్మా" అని నా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి డబ్బా మూత తీస్తే సర్వీస్ కోర్‌వే నాలుగు కనిపించాయి. నాలుగింటికీ ఎనిమిది కోణాల నక్షత్రం, పైన కిరీటం. నాలుగూ ఒకే అచ్చులోంచి వచ్చినట్టే ఉన్నాయి. అక్కడ మొదలైంది ఈ దుకాణం వెతుకులాట.

దుకాణం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, నగల పనివాళ్ళుండే జువెలరీ క్వార్టర్ అనే పేటలో, ఒక వర్క్‌షాప్ పై అంతస్తులో ఉంది. బోర్డు లేదు. పేరు వేయవద్దని దుకాణం పెద్దాయనే కోరారు కాబట్టి వేయడం లేదు. ఒంటరిగా చేసుకునే పని, ఒక్కసారిగా జనం వస్తే తట్టుకోలేనన్నారు. ఆ వీధుల్లో లోహం పని చేసేవాళ్ళను ఎవరినడిగినా దారి చెబుతారు. పాత బ్యాడ్జీలు, బొత్తాలు, బెల్టు బిళ్ళలు అమ్ముతారు. దాంతోపాటు మనం తెచ్చిన బ్యాడ్జీ ఏ కాలానిదో చెప్పి చీటీ రాసిస్తారు. బ్యాడ్జీకి 2 పౌండ్లు. నాకు మొత్తం 62 పౌండ్లు అయింది. ఇంకో నియమం ఉంది, నాకు బాగా నచ్చింది: తను వయసు చెప్పిన బ్యాడ్జీని తను కొనరు. ఎంతకు కొంటారని అడిగినా ఒప్పుకోరు. చూసి చెప్పేవాడు, కొనేవాడు ఒకడే అయితే చెప్పే మాట మీద నమ్మకం ఉండదన్నారు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇంత లోతుగా ఎందుకు రాస్తున్నానో అర్థం కాదు. మా నాన్న కంసాలి. టంకం వాసనలో, ఆకురాయి చప్పుడులో పెరిగాను. ఇప్పుడు దంతాల ల్యాబ్‌లో లోహపు తొడుగులు పోత పోయడం నా ఉద్యోగం. లోహం చల్లారేటప్పుడు ఎంత కుంచించుకుంటుందో రోజూ లెక్క కట్టే పని. అందుకని ఈ పెద్దాయన బ్యాడ్జీ పట్టుకునే పద్ధతి చూడగానే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది.

ఆయన ముందు వైపు చూడరు. డబ్బా తిరగేసి గుడ్డ మీద పోసి, పడినవాటినన్నిటినీ బోర్లా పడుకోబెట్టారు. "ముఖం చూస్తే ఏ రెజిమెంటో తెలిసిపోతుంది. తెలిసిన మరుక్షణం ఏదో ఒక కథ నమ్మాలనిపిస్తుంది. వీపుకి కథలుండవు" అన్నారు. తర్వాత అరగంట సేపు వీపులే చూశాం.

వీపున చూసేవి ముఖ్యంగా రెండు. మొదటిది, టోపీకి తగిలించే ఏర్పాటు. పాత వాటికి రెండు తీగ రింగులు టంకం పెట్టి ఉంటాయి. వాళ్ళు లగ్స్ అంటారు, నాకైతే చెవులు. వాటిలోంచి చీల పిన్ను దూర్చి టోపీ లోపలి వైపు బిగిస్తారు. 1900ల మొదటి దశాబ్దంలో నిలువుగా ఉండే సన్న రేకు వచ్చింది, దాన్ని స్లైడర్ అంటారు. టోపీ గుడ్డలో చీలిక చేసి అందులోకి జొనపడమే. కాబట్టి విక్టోరియా కాలపు బ్యాడ్జీకి స్లైడర్ ఉందంటే ఆగి ఆలోచించాలి. స్లైడర్ వచ్చాక చెవులు పోలేదు, తర్వాతా వాడుతూనే ఉన్నారు. స్లైడర్ ఉంటే "ఇంతకు ముందు కాదు" అని తేలుతుంది. చెవులున్నంత మాత్రాన ఏదీ తేలదు. నేను ఈ ఒక్క ముక్క తెలియక, చెవులున్నవన్నీ పాతవని విడిగా కాగితంలో చుట్టి తీసుకెళ్ళాను. ఆయన ఏమీ అనకుండా కాగితం విప్పి మళ్ళీ అన్నీ కలిపేశారు.

రెండోది, అచ్చు గుద్దిన పనా పోత పోసిన పనా అన్నది. మామూలు సైనికులకు ఇచ్చినవి రేకును ఉక్కు అచ్చు మీద గుద్ది చేసినవి. అందుకని ముందు ఎత్తుగా ఉన్న చోటల్లా వెనక పల్లం ఉంటుంది, గీతలు స్ఫుటంగా ఉంటాయి. నకలు చేసేవాడు అసలు బ్యాడ్జీ మీంచి మూస తీసి పోత పోస్తాడు. పోతలో సన్న గుంటలు పడతాయి, గీతలు మొద్దుబారతాయి. అన్నిటికన్నా ముఖ్యంగా సైజు తగ్గుతుంది. డబ్బాలో విక్టోరియా కిరీటం ఉన్న ఈస్ట్ సర్రే రెజిమెంట్ బ్యాడ్జీ ఒకటి ఉంది. ఆయన తన పెట్టెలోంచి అసలుది తీసి పక్కన పెట్టి, కొలత పనిముట్టు నా చేతికిచ్చారు. మాది అర మిల్లీమీటరుకు పైగా చిన్నది. ఖాళీలు కోసిన అంచుల్లో ఆకురాయి గీతలు కూడా నేనే చూపించాను. ఆ చీటీ మీద తేదీ లేదు. "పోత నకలు" అని మాత్రం రాశారు. అయినా దానికీ 2 పౌండ్లు తీసుకున్నారు, అది న్యాయమే. పని ఒకటే కదా.

విక్టోరియా కిరీటపు టోపీ బ్యాడ్జీలకే నకళ్ళు ఇంత ఎక్కువ ఎందుకంటే, అవి చెలామణిలో ఉన్న కాలం చాలా తక్కువ. 1881 జులై 1న పాత నంబర్ల రెజిమెంట్లను కలిపి జిల్లాల పేర్లతో కొత్త రెజిమెంట్లు కట్టారు. కానీ అప్పటికి సైనికులు పెట్టుకునేది గ్లెన్‌గారీ అనే స్కాట్లండ్ మడత టోపీ. దాని బ్యాడ్జీలు పెద్దవి, వేరే రకం. మనం ఇప్పుడు టోపీ బ్యాడ్జీ అనే చిన్నది 1890ల రెండో సగంలో వచ్చింది. మహారాణి 1901 జనవరిలో చనిపోయింది. ఆ నాలుగైదేళ్ళలో తయారైనవే అసలువి. తక్కువ దొరికేదానికి ధర ఎక్కువ, ధర ఎక్కువైన చోట దొంగ పని ఎక్కువ.

కిరీటం గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే అందరూ మొదట చూసేది అదే, తప్పులో కాలేసేది కూడా అక్కడే. మూడు ఆకారాలు. విక్టోరియా కాలపు కిరీటం చిన్నది, పై కమానులు నడుమ కుంగి, పైభాగం బల్లపరుపుగా ఉంటుంది. 1901 తర్వాత రాజుల కాలంలో వచ్చినది గోపురంలా గుండ్రంగా పైకి లేస్తుంది, దాన్ని ట్యూడర్ కిరీటం అంటారు. 1953 నుంచి ఎలిజబెత్ రాణికి వాడిన సెయింట్ ఎడ్వర్డ్ కిరీటానికి మళ్ళీ కమానులు నడుమ కుంగుతాయి, భుజాలు ఉబ్బుతాయి. కొత్తవాళ్ళు ఈ మొదటిదాన్నీ మూడోదాన్నీ ఒకదానికొకటి పొరబడతారు. యాభై ఏళ్ళ తేడా అక్కడే పడిపోతుంది. ఇప్పుడు చార్లెస్ రాజు 2022లో మళ్ళీ ట్యూడర్ కిరీటాన్నే ఎంచుకున్నారు. ఇకమీదట గోపురపు కిరీటం కనబడగానే "1952కి ముందుది" అనే మాట చెల్లదు.

ఇంకో మెలిక: రాజు మారిన రోజున ఎవరూ టోపీలు మార్చుకోలేదు. కొత్త అచ్చులు చెక్కాలి, ఉన్న సరుకు అయిపోవాలి. కిరీటం మారిన కొన్నేళ్ళ దాకా పాతవి టోపీల మీదే ఉన్నాయి. అందుకని పెద్దాయన చీటీలో "తయారైన కాలం", "వాడిన కాలం" అని రెండు గడులుంటాయి. ఇది నేను ఇంకెక్కడా చూడలేదు. బ్యాడ్జీలు అమ్మే చోట సాధారణంగా కిరీటం చూసి ఒక ముక్కలో చెప్పేస్తారు.

ఇక సర్వీస్ కోర్ బ్యాడ్జీలు నాలుగు. వాటికోసమే కదా వెళ్ళింది. నడుమ అల్లుకున్న అక్షరాలు చూడమన్నారు. రెండింట్లో ఏ, ఎస్, సి. మిగతా రెండింట్లో ముందు ఆర్ చేరింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సేవకు ఆ కోర్‌కు 1918 నవంబరులో "రాయల్" అన్న గౌరవం దక్కింది. అప్పటి నుంచి అది రాయల్ ఆర్మీ సర్వీస్ కోర్. 1965లో ఆ పేరే పోయింది. కాబట్టి ఆర్ ఉన్న రెండూ యుద్ధం ముగిసిన తర్వాతివి. అందులో ఒకదానికి ఎలిజబెత్ కిరీటం కూడా ఉంది, అంటే 1953 తర్వాతిది. తాతగారివి కాలేవు. గోపురపు కిరీటం, ఆర్ లేని అక్షరాలు ఉన్నవి 1901కీ 1918కీ మధ్య తయారవ్వాలి. అలాంటివి రెండు మిగిలాయి.

ఆ రెండూ ముందు వైపు చూస్తే అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. ఒకటి ముదురు గోధుమ రంగు తిరిగి చాలా పాతదిగా కనిపించింది. రెండోది పసుపు పచ్చగా, నున్నగా అరిగి, ఏమంత ఆకర్షణ లేకుండా ఉంది. నేను ముదురుదాన్ని చూపించి ఇదే అయుంటుందన్నాను. దాని స్లైడర్ మీద గాంట్ అని తయారీదారు పేరు కూడా ఉంది. గాంట్ అంటే ఈ బర్మింగ్‌హామ్‌లోనే బ్యాడ్జీలు చేసిన పేరున్న సంస్థ.

పెద్దాయన భూతద్దం నా కంటికి పెట్టి, స్లైడర్‌కీ బ్యాడ్జీ వీపుకీ మధ్య సందులోకి చూడమన్నారు. అక్కడ కూడా అదే గోధుమ రంగు, అంతే చిక్కగా. గాలికి, చేతి చెమటకు వందేళ్ళలో తిరిగే రంగు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఏదో ద్రావణంలో ముంచి తీసిన రంగైతేనే మూలమూలకూ సమానంగా పడుతుంది. తర్వాత నక్షత్రం కొనలు చూపించారు. ఎక్కడా అరగలేదు. సైనికుడు రోజూ బ్యాడ్జీని తోమాలి, తోమకపోతే శిక్ష పడేది. తోమిన బ్యాడ్జీలో ఎత్తైన చోట్లు నున్నబడతాయి, పల్లాల్లో పాలిష్ తాలూకు తెల్లటి మడ్డి గట్టిపడి మిగులుతుంది. నున్నగా అరిగి నా కంటికి ఆనని రెండో బ్యాడ్జీలో ఇవన్నీ ఉన్నాయి. దాని స్లైడర్ కొద్దిగా వంగి ఉంది, టోపీలోకి ఎన్నోసార్లు దూరి వచ్చినట్టు.

"మరి తయారీదారు పేరు?" అన్నాను.

"గాంట్ పేరు అందరికీ తెలుసు. అందుకే దొంగ ముద్ర వేసేవాడికి కూడా ఆ పేరే కావాలి" అన్నారు.

మా నాన్న చెప్పే మాట ఒకటుంది, ముద్ర చూసి బంగారం కొనకు, గీటురాయి మీద గీసి కొను అని. అది గుర్తొచ్చి కొంచెం సిగ్గుపడ్డాను. చిన్నప్పటి నుంచి విన్న మాటే, అయినా ముద్ర చూడగానే పడిపోయాను.

అక్కడితో ఆయన ఆగిపోలేదు. అరిగిన బ్యాడ్జీ అసలుది, 1918కి ముందుది అన్నంత వరకే తను చెప్పగలనన్నారు. అది ఈ తాతగారిదేనని ఏ లోహమూ చెప్పదు. సంతలో కొన్నదైనా కావచ్చు. ఆ మాట వినగానే నా ముఖం వాడిపోయి ఉంటుంది, ఆయన డబ్బా అడుగున దూది కదిపి చూడడం మొదలుపెట్టారు. దూదిలో నేను 31వ బ్యాడ్జీగా లెక్కపెట్టిన చిన్నది ఒకటుంది. అది టోపీ బ్యాడ్జీయే కాదు. వెనక పిన్నున్న వెండి బ్రూచ్. యుద్ధానికి వెళ్ళేవాళ్ళు భార్యకో తల్లికో తమ రెజిమెంట్ గుర్తుతో ఇచ్చి వెళ్ళేవి, వీటిని స్వీట్‌హార్ట్ బ్రూచ్ అంటారు. నడుమ ఏ, ఎస్, సి. వెనక హాల్‌మార్క్: బర్మింగ్‌హామ్ పరీక్షశాల 1773 నుంచి వేస్తున్న లంగరు గుర్తు, పక్కన ఏడాదిని చెప్పే అక్షరం. పట్టికలో వెతికితే ఆ అక్షరం 1916 మధ్య నుంచి 1917 మధ్య దాకా. ఆ రోజుల్లో అక్షరం జనవరిలో కాక ఏడాది మధ్యలో మారేది, అందుకని రెండు సంవత్సరాలు పడతాయి. మొత్తం డబ్బాలో ఇంత కచ్చితంగా తేదీ తేలినది ఇదొక్కటే. ఒక ఇంట్లో బ్రూచ్, బ్యాడ్జీ రెండూ ఒకే కోర్‌వి, ఒకే యుద్ధ కాలానివి. ఆయన చీటీలో "రుజువు కాదు, బలమైన సూచన" అని రాసి కింద గీత గీశారు. నాకు ఆ గీత చాలు.

మిగతావాటిలో నన్ను ఆపినవి కొన్నే చెబుతాను. రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌వి రెండు జింకలున్నాయి. గొలుసు కట్టిన జింక వాళ్ళ గుర్తు. బ్యాడ్జీ మీద రాజు కిరీటం లేదు కాబట్టి కిరీటపు లెక్క ఇక్కడ పనికిరాదు. ఒకదానిలో జింక తెల్ల లోహం, కింద పేరున్న పట్టీ పసుపు లోహం. అది ఎన్నో దశాబ్దాలు వాడిన నమూనా, స్లైడర్‌ను బట్టి 1900ల మొదటి దశాబ్దానికి ఇటుదని, 1950ల చివరికి ముందుదని మాత్రమే రాశారు. రెండోది మొత్తం ఇత్తడే. నేను ఇదేదో చవక నకలనుకున్నాను. 1916లో, తెల్ల లోహంలో కలిపే నికెల్ ఆదా చేయడానికి రెండు లోహాల బ్యాడ్జీలను ఒకే లోహంతో గుద్దమన్నారు. ఈ ఇత్తడి జింక ఆ కరువులో పుట్టింది. చూడ్డానికి పేదగా ఉన్నదానికే తేదీ దగ్గరగా తేలింది, మెరిసేదానికి యాభై ఏళ్ళ సందు మిగిలింది. ఇత్తడి ఉన్నవన్నీ యుద్ధకాలంవని మాత్రం అనుకోకూడదు. మొదటి నుంచీ ఇత్తడే వాడిన రెజిమెంట్లు చాలా ఉన్నాయి. ఏ రెజిమెంట్‌కు మామూలు నమూనా ఏదో ముందు తెలియాలి.

ప్లాస్టిక్‌ది ఒకటుంటే పిల్లల బొమ్మేమో అని పక్కన పెట్టబోయాను. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం ఆదా కోసం ప్లాస్టిక్ బ్యాడ్జీలు చేశారు. బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న వాల్సాల్‌లో స్టాన్లీ అనే సంస్థ చేసింది వాటిని. మాది ఆర్ఈఎమ్ఈ అనే ఇంజనీర్ల కోర్‌ది. ఆ కోర్ 1942 అక్టోబరు 1న పుట్టింది. నాలుగు చిన్న డాళ్ళ మీద నాలుగు అక్షరాలున్న మొదటి నమూనా 1947 వరకే. ప్లాస్టిక్ వాడింది యుద్ధం రోజుల్లోనే. మూడూ కలిపితే రెండు మూడేళ్ళ కిటికీలో కూర్చుంది. ఇలా ఒకదానితో ఒకటి తాళం వేసుకుంటూ వెళ్ళడం చూస్తుంటే నాకు కాలం తెలియలేదు.

రాయల్ ఇంజనీర్స్ బ్యాడ్జీలైతే తమ తేదీని తామే మోస్తాయి. నడుమ అప్పటి రాజు పొడి అక్షరాలుంటాయి. ఐదో జార్జ్‌వి ఉంటే 1910 నుంచి 1936, ఆరో జార్జ్‌వి ఉంటే 1936 నుంచి 1952. మాంచెస్టర్ రెజిమెంట్ 1923లో నగరపు చిహ్నం వదిలి ఫ్లూర్ డి లీ అనే లిల్లీ పువ్వు గుర్తుకు మారింది. వెల్ష్ రెజిమెంట్ 1920లో తన పేరులో ఎస్ తీసి సి పెట్టుకుంది, పాత కాలపు స్పెల్లింగ్ కోసం పట్టుబట్టి. ఒక్క అక్షరం, బ్యాడ్జీ ఏ యుద్ధానిదో చెప్పేస్తుంది. అల్యూమినియంవి తేలిగ్గా, బంగారంలా తళతళలాడుతూ ఉంటాయి. 1950లలో వచ్చాయి, తోమక్కర్లేదు. వాటి మీద ఆయనా ఎక్కువ సేపు ఉండలేదు, నేనూ ఉండను.

ఒక బ్యాడ్జీ దగ్గర మాత్రం ఇద్దరం చాలాసేపు ఉన్నాం. మంటలు లేస్తున్న గ్రెనేడ్, దాని గుండు మీద పులి. రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్. ఐర్లండ్ రెజిమెంట్‌కు పులి ఎందుకని అడిగితే, అది ఈస్టిండియా కంపెనీ వారి బెంగాల్ యూరోపియన్ దళం నుంచి వచ్చిందన్నారు. గోడ మీది పాత పటంలో ఆ రెజిమెంట్ యుద్ధ గౌరవాల జాబితా, అంటే జెండాల మీద రాసుకునే యుద్ధాల పేర్లు, చూపించారు. ప్లాసీ తర్వాత కాండోర్, ఆ పక్కనే మసులీపటం. నేను రెండుసార్లు చదువుకున్నాను. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర, 1759 ఏప్రిల్‌లో బందరు కోట దగ్గర ఫ్రెంచివాళ్ళతో కర్నల్ ఫోర్డ్ చేసిన యుద్ధాలవి. మన ఊళ్ళ పేర్లు మోసిన జెండాలు 1922 జూన్ 12న విండ్సర్ కోటలో ఐదో జార్జ్ చేతికి అప్పగించారు. జులై 31న రెజిమెంట్ రద్దయింది. ఐర్లండ్ విడిపోయినప్పుడు అలా రద్దయిన వాటిలో ఇదొకటి. బర్మింగ్‌హామ్‌లో మేడ మీద గదిలో, అరచేతిలో పట్టే పులిని చూస్తూ బందరు పేరు పలికాను. ఆయన ఎలా పలకాలో నేర్పమన్నారు. మూడోసారికి బాగానే అన్నారు.

అయితే ఆయన తప్పు చేసింది కూడా ఈ బ్యాడ్జీ దగ్గరే. చీటీలో 1881 నుంచి 1922 అని రాశారు. 1881 రెజిమెంట్ పుట్టిన ఏడాది. కానీ ఈ రకం చిన్న టోపీ బ్యాడ్జీ 1890ల దాకా లేదని గంట క్రితం ఆయనే చెప్పారు కదా. పైగా దీనికి స్లైడర్ ఉంది. భయపడుతూనే అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి, చీటీ చదివి, చింపేసి, కొత్తది రాశారు: 1900ల మొదటి దశాబ్దం నుంచి 1922. "రెజిమెంట్ వయసును బ్యాడ్జీకి అంటగట్టాను" అన్నారు. అందుకని మీరు వెళ్తే చీటీలు అక్కడే కూర్చుని చదవండి, ఆయన చెప్పినదానితో సరిచూసుకోండి. ముప్ఫైకి పైగా రాసేటప్పుడు చివర్లో ఆయన అలసిపోతారు. రెండు విడతలుగా తీసుకెళ్తే మంచిది.

ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. వారానికి రెండు రోజులే తెరుస్తారు. మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు. మా పక్కింటావిడ మోకాళ్ళ నొప్పుల వల్ల రాలేకపోయింది. నిజానికి ఆ గదిలో ఉండాల్సింది ఆవిడే. కార్డు తీసుకోరు, నగదే. చేతిరాత కష్టం, నాలుగు చీటీలు ఆయన చేతే చదివించుకుని పక్కన తెలుగులో రాసుకున్నాను. ఒక వారంలో ఇస్తానన్న బ్యాడ్జీలు నాలుగో వారానికి చేతికొచ్చాయి. ఈ మధ్యలో ఫోన్ ఎత్తలేదు. ఇంకొకరి ఇంటి జ్ఞాపకాలు నా పూచీ మీద ఉన్నాయి కాబట్టి ఆ మూడు వారాలూ సరిగా నిద్రపోలేదు. ఎన్ని బ్యాడ్జీలు ఇచ్చామో రసీదు రాయించుకోండి, ఫొటోలు తీసుకోండి. నేను రెండూ చేయలేదు. అన్నీ భద్రంగానే వచ్చాయి, ఒక్కోటీ విడి కవర్లో.

ఏ బ్యాడ్జీనీ ఆయన తోమలేదు. ఇది ముఖ్యం. తోమితే పల్లాల్లోని పాత మడ్డి పోతుంది, దాంతోపాటే ఆధారమూ పోతుంది. మీరు కూడా తీసుకెళ్ళేముందు తోమకండి. నేను ఒకటి తోమాను, అదీ బాగా కనిపించాలని. ఆ చీటీలో "ఇటీవల శుభ్రం చేసినందువల్ల వాడుక గురించి చెప్పలేం" అని ఉంది.

ధర కనుక్కోవడానికి, అమ్ముకోవడానికి అయితే ఈ దుకాణం అవసరం లేదు, వేలం సంస్థలు ఉచితంగా చూసి చెబుతాయి. ఇంట్లో ఉన్నది ఏ కాలానిదో, ఎందుకలా అంటున్నారో తెలుసుకోవాలనుకునేవాళ్ళు మాత్రం ఇక్కడికే వెళ్ళండి. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ మూడు వారాల మౌనం లేకపోతే ఐదూ ఇచ్చేదాన్ని.

మొన్న శనివారం డబ్బా తిరిగి ఇచ్చేశాను. అరిగిన బ్యాడ్జీనీ, వెండి బ్రూచ్‌నూ వేరే కవర్లో పెట్టి, చీటీల్లో ఏముందో చదివి వినిపించాను. "బలమైన సూచన" దగ్గర మళ్ళీ చదవమంది. తర్వాత బ్రూచ్ తీసుకుని తన స్వెట్టర్‌కు పెట్టుకుంది. పిన్ను వదులైంది, టంకం పెట్టాలి. వచ్చే వారం ల్యాబ్‌కు తీసుకెళ్తానన్నాను, హాల్‌మార్క్ దగ్గరికి మంట పోనివ్వకుండా.